వర్ధమాన దేశాల్లో ఆడవాళ్లు, డబ్బు వచ్చే పని: తరచుగా అడిగే ప్రశ్నలు

వర్ధమాన దేశాల్లో స్త్రీల ఉపాధి గురించి మాట రాగానే చర్చ ఒకే ప్రశ్న దగ్గర ఇరుక్కుంటుంది: "ఆడవాళ్లు పనికి ఎందుకు రావడం లేదు?" అడగాల్సింది అది కాదని నా అభిప్రాయం. పని చేయని ఆడవాళ్లు ఏ దేశంలోనూ పెద్దగా లేరు. డబ్బు వచ్చే పని వాళ్లకు అందే దూరంలో, కుదిరే వేళల్లో ఎందుకు ఉండడం లేదు? చేస్తున్న పనికి డబ్బెందుకు రావడం లేదు? వచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతోంది? కింది జవాబులు ఈ మూడింటి చుట్టూ తిరుగుతాయి.

శ్రామికశక్తి భాగస్వామ్య రేటు అంటే ఏమిటి?

15 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో పని చేస్తున్నవాళ్లు, పని కోసం వెతుకుతున్నవాళ్లు కలిపి ఎంతమంది అన్నదే ఈ రేటు. నిరుద్యోగి కూడా శ్రామికశక్తిలో మనిషే. చదువుకుంటున్న అమ్మాయి, ఇంటి పనికే పరిమితమైన గృహిణి, వెతికి వెతికి విసిగి మానుకున్నవాళ్లు మాత్రం ఇందులోకి రారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే స్త్రీలలో ఈ రేటు ఇంచుమించు సగం, పురుషుల్లో నలుగురికి ముగ్గురి కంటే కాస్త తక్కువ.

ఇది జీతం తీసుకునేవాళ్ల లెక్క కాదన్న సంగతి చాలామంది మర్చిపోతారు. కుటుంబ దుకాణంలోనో, అమ్మకానికి పండించే పొలంలోనో పైసా చేతికి రాకుండా చాకిరీ చేసే స్త్రీ కూడా ఈ లెక్కలో "ఉపాధి ఉన్న మనిషే".

మరి ఇంటి పని లెక్కలోకి రాదా?

రాదు. వంట, ఊడ్పు, బట్టలు, పిల్లల ఆలనా పాలనా, మంచం పట్టిన పెద్దవాళ్ల సేవ ఇవేవీ జాతీయాదాయంలో కనపడవు. ఇంట్లో వాడకానికి పండించుకున్న గింజలు, ఏరుకొచ్చిన కట్టెలు, మోసుకొచ్చిన నీళ్లు మాత్రం వస్తువులు కాబట్టి జాతీయాదాయ గణన నిబంధనల ప్రకారం ఉత్పత్తి కిందికే వస్తాయి. అంటే కట్టెలు తేవడం ఉత్పత్తి, ఆ కట్టెలు పొయ్యిలో పెట్టి వండటం కాదు. ఈ గీత ఎందుకు ఇక్కడే గీశారంటే లెక్కగాళ్ల సౌలభ్యం తప్ప మరో మంచి కారణం నాకు కనిపించలేదు.

2013లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల 19వ మహాసభ నిర్వచనాలు మార్చింది. ఇంటి చాకిరీని, సొంత వాడకానికి చేసే సాగును "పని"గా ఒప్పుకుంది. అదే సమయంలో "ఉపాధి" అన్న మాటను జీతం కోసమో లాభం కోసమో చేసే పనికే పరిమితం చేసింది. దాంతో తిండి గింజల కోసమే సేద్యం చేసుకునే కుటుంబాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో స్త్రీల రేటు కాగితం మీద ఒక్కసారిగా పడిపోయింది. రువాండాలో ఇలాగే జరిగింది. పొలంలో ఆడవాళ్లు నిన్నటిలాగే వంగి పనిచేస్తున్నారు, మారింది పట్టికలో గడి మాత్రమే. అందుకే పాత నిర్వచనం వాడే దేశాన్నీ కొత్తది వాడే దేశాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చే వార్తలను కాస్త అనుమానంతో చదవాలి.

సర్వేల్లో స్త్రీల పని తక్కువగా నమోదవుతుందంటారు. ఎలా?

గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూడండి. సర్వే మనిషి వస్తాడు, ఇంటాయన బయటికి వస్తాడు. "మీ ఆవిడ ఏం చేస్తుంది?" "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది." ఒక గడిలో టిక్కు పడుతుంది. ఆ సమయంలో ఆమె లోపలి గదిలో చొక్కాల మూట ముందు కూర్చుని, చిన్న కత్తెరతో వేలాడే దారాలు కత్తిరిస్తూ, గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తూ ఉంటుంది. పీసుకు ఇంతని డబ్బిచ్చే మధ్యవర్తి సాయంత్రం వచ్చి మూట పట్టుకెళ్తాడు. నేరుగా ఆమెనే అడిగినా "నేను ఉద్యోగం చేయను" అనే అంటుంది, ఎందుకంటే ఆమె దృష్టిలో అది ఉద్యోగం కాదు, ఖాళీ సమయంలో చేసే పని.

అదే సర్వే మనిషి విడివిడిగా అడిగితే జవాబు మారుతుంది: గడిచిన వారంలో గంటసేపైనా కూలికి వెళ్లారా? అమ్మడానికి ఏదైనా తయారు చేశారా? పాలో గుడ్లో అమ్మారా? ఇంట్లోవాళ్ల వ్యాపారంలో చేయి వేశారా? వారంలో ఒక్క గంట చేసినా అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది ఉపాధే. టాంజానియాలో పరిశోధకులు చిన్న ప్రశ్నావళినీ వివరమైన ప్రశ్నావళినీ వేర్వేరు ఇళ్లలో ప్రయోగించి చూశారు. చిన్నదానిలో స్త్రీల ఉపాధి తక్కువగా తేలింది.

భారతదేశపు కార్మిక సర్వేలో 92, 93 అని రెండు సంకేత సంఖ్యలున్నాయి. ఇంటి పనులు మాత్రమే చేసేవాళ్లు 92. ఇంటి పనులతోపాటు కట్టెలు, పశుగ్రాసం వంటివి సేకరించడం, ఇంట్లోవాళ్ల కోసం కుట్టడం, నేయడం చేసేవాళ్లు 93. ఈ రెండు సంఖ్యలూ పడినవాళ్లు శ్రామికశక్తికి బయటే. కోట్లాది ఆడవాళ్లు ఉన్నది ఇక్కడే.

దేశం ధనికమయ్యేకొద్దీ ఎక్కువమంది ఆడవాళ్లు పనిలోకి వస్తారు కదా?

అంత తిన్నగా సాగదు. అత్యంత పేద దేశాల్లోనే ఈ రేటు చాలా ఎక్కువ. టాంజానియా, మడగాస్కర్‌లలో 70 శాతం దాటి ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. మధ్య ఆదాయ దేశాల్లో పడిపోతుంది. సంపన్న దేశాల్లో మళ్లీ లేస్తుంది. కిందికి దిగి పైకి ఎక్కే ఈ వంపును అమెరికా చరిత్రలో విడమరిచి చూపిన ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ వచ్చింది.

కానీ వంపును చూసి "కొన్నాళ్లు ఓపిక పడితే అదే పెరుగుతుంది" అనుకుంటే పొరపాటే. వియత్నాంలో రేటు 60 శాతం పైనే ఉంది. దాదాపు అదే స్థాయి ఆదాయమున్న జోర్డాన్‌లో 15 శాతం దగ్గర ఆగిపోయింది. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతం మొత్తం 20 శాతానికి అటూ ఇటూ తిరుగుతోంది. చైనాలో ఆదాయం ఎన్నో రెట్లు పెరిగింది, స్త్రీల రేటు మాత్రం 1990లో 70 శాతం పైనుంచి 60 శాతం దగ్గరికి జారింది. ఆదాయం ఒక్కటే ఈ తేడాలను తేల్చదు.

ఇంటి ఆదాయం పెరిగితే ఆడవాళ్లు పని ఎందుకు మానేస్తారు?

దొరికే పని ఎలాంటిదో చూస్తే అర్థమవుతుంది. ఎండలో నాట్లు, ఇటుక బట్టీ, తట్ట మోత. మగవాడి సంపాదన కాస్త నిలకడగా రావడం మొదలవగానే ఈ పనులకు వెళ్లాల్సిన అవసరం తప్పుతుంది. దాన్ని వెనకబాటు అనలేం. నడుము విరిగే కూలి మానేసి పిల్లల్ని బడికి పంపుకోవడం ఆమె దృష్టిలో ఒక మెట్టు పైకెక్కడమే. పైగా చాలా సమాజాల్లో భార్య కూలికి పోనక్కర్లేదన్నది ఇంటి పరువుకు గుర్తు.

సేద్యంలో యంత్రాలొచ్చి కలుపు తీత, కోత వంటి ఆడవాళ్ల పనులు తగ్గిపోవడం రెండో సంగతి. కూలి పని పోయింది, దాని స్థానంలో ఊరికి దగ్గర్లో మరో పని రాలేదు. ఈ రెండో కారణాన్ని మొదటి దాని కింద కప్పేసి "వాళ్లే మానుకున్నారు" అనడం చాలా నివేదికలకు అలవాటు.

ఆడపిల్లలు చదువుకుంటే ఉద్యోగాలు వాటంతటవే వస్తాయి కదా?

రావు. జోర్డాన్‌లో విశ్వవిద్యాలయాల్లో చేరే అమ్మాయిలు అబ్బాయిల కంటే ఎక్కువే, ఉద్యోగాల సంగతి పైన చూశాం. చదువుకున్న అమ్మాయికి, ఆమె ఇంటికి సమ్మతమైన ఉద్యోగం అంటే టీచరు, నర్సు, ప్రభుత్వ ఆఫీసు. ఆ ఖాళీలు కొన్నే. ప్రభుత్వం నియామకాలు తగ్గించిన చోట చదువుకున్న ఆడవాళ్లు మరో రంగంలోకి మళ్లలేదు, ఇంటికి మళ్లారు.

చాలా దక్షిణాసియా ప్రాంతాల్లో ఏ చదువూ లేనివాళ్లు, డిగ్రీ దాటినవాళ్లు ఎక్కువగా పనిచేస్తారు, పదో తరగతి, ఇంటర్ దగ్గర ఆగినవాళ్లు తక్కువగా చేస్తారు. చదువు కూలి పని వద్దనిపిస్తుంది, కుర్చీ పని తెచ్చిపెట్టేంత మాత్రం ఉండదు.

ఉద్యోగం కళ్లకు కనిపిస్తే చదువే పెరుగుతుందని చెప్పడానికి మాత్రం మంచి ఆధారం ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల కొన్ని గ్రామాల్లో మూడేళ్లపాటు కాల్‌సెంటర్ తరహా ఉద్యోగాలకు అమ్మాయిలను ఎంపిక చేసే ఏజెంట్లను పంపి చూశారు. ఆ ఊళ్లలో అమ్మాయిలు ఉద్యోగాల్లో చేరడం, చదువు కొనసాగించడం పెరిగింది. పెళ్లిళ్లు వెనక్కి జరిగాయి. ఈ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. ముందు చదివిస్తే తర్వాత ఉద్యోగం అనే మాట కంటే, ఉద్యోగం ఉందని తెలిస్తే చదివిస్తారు అన్న మాట నాకు ఎక్కువ నిజంగా తోస్తుంది.

భర్త, అత్తమామలు ఒప్పుకోకపోవడమే అసలు అడ్డంకా?

పెద్ద అడ్డంకే. అయితే మనం అనుకున్నంత గట్టిది కాకపోవచ్చు. సౌదీ రాజధాని రియాద్‌లో పెళ్లయిన యువకులను విడివిడిగా అడిగితే అత్యధికులు భార్యలు బయట పనిచేయడం తమకు సమ్మతమే అన్నారు. "మీ పక్కవాళ్లు ఏమంటారు?" అంటే మాత్రం "వాళ్లు ఒప్పుకోరు" అన్నారు. అంటే అందరికీ సమ్మతమే, ఎదుటివాడు నవ్విపోతాడన్నదే భయం. పక్కవాళ్లు నిజంగా ఏమన్నారో కొందరికి చెప్పారు. అలా విన్నవాళ్లు భార్యల పేర్లను ఉద్యోగ సేవలో నమోదు చేయడానికి ఎక్కువగా ముందుకొచ్చారు, కొన్ని నెలల తర్వాత ఆ భార్యలు ఇంటర్వ్యూలకు వెళ్లడం కూడా పెరిగింది. సౌదీలో 2017 నాటికి 20 శాతం లోపున్న స్త్రీల భాగస్వామ్యం 2020ల తొలినాళ్లలోనే 30 శాతం దాటింది. 2018లో కారు నడిపే హక్కు వచ్చింది, కొన్ని రంగాల్లో నిషేధాలు పోయాయి, నియామకాలు పెరిగాయి. "వెయ్యేళ్ల ఆచారం" అన్నది ఐదారేళ్లలో ఇంతగా కదిలిందంటే ఆచారం మీద నెపం వేసి ఊరుకోవడం ఎంతవరకు సబబు?

ఇంటి చాకిరీ నిజంగా అంత అడ్డమా?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 అంచనా ప్రకారం జీతం లేని సంరక్షణ పనిలో నాలుగింట మూడు వంతులు స్త్రీలే చేస్తున్నారు. ఇంట్లోవాళ్లను చూసుకోవాల్సి ఉండటం వల్ల శ్రామికశక్తికి బయట ఉండిపోయిన స్త్రీలు ప్రపంచంలో 70 కోట్ల 80 లక్షల మంది అని 2024లో అదే సంస్థ లెక్కగట్టింది. అదే కారణంతో బయట ఉన్న పురుషులు 4 కోట్ల మంది. భారతదేశంలో 2019 నాటి సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పనుల మీద స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడిపినట్టు తేలింది. పైగా ఈ పురుషుల సగటు ఇంటి పని చేసినవాళ్లది మాత్రమే, అసలు చేయనివాళ్లు అందులో లేరు.

నిమిషాలను కూడితే సరిపోదు, అవి రోజులో ఎక్కడెక్కడ పడ్డాయన్నది చూడాలి. పొద్దున్నే నీళ్లు వచ్చే వేళ, పిల్లలు బడికి బయల్దేరే వేళ, వాళ్లు తిరిగొచ్చే వేళ, పొయ్యి వెలిగించే వేళ. వీటిలో ఏదీ ముందుకు జరపడానికి వీల్లేదు, వాయిదా వేయడానికీ వీల్లేదు. మధ్యలో మిగిలేవి రెండు గంటలు ఇక్కడ, గంటన్నర అక్కడ. ఫ్యాక్టరీ ఎనిమిది గంటలు ఒకే ముద్దగా అడుగుతుంది. పొలంలో బిడ్డను గట్టు మీద పడుకోబెట్టి పనిచేయవచ్చు, అసెంబ్లీ లైన్ దగ్గర కుదరదు. అందుకే బిడ్డ పుట్టాక స్త్రీల ఉపాధి పడిపోవడం బాగా పేద వ్యవసాయ దేశాల్లో తక్కువగా, నెలజీతపు ఉద్యోగాలు పెరిగిన దేశాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ గంటల మీద నేరుగా దెబ్బ కొట్టేవి కొళాయి, కరెంటు, గ్యాసు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ పల్లెలకు వర్ణవివక్ష పాలన ముగిశాక కరెంటు వచ్చింది. వచ్చిన ఐదేళ్లలో స్త్రీల ఉపాధి 9 శాతం పాయింట్ల మేర పెరిగిందని ఒక అధ్యయనం తేల్చింది. స్త్రీల ఉపాధి పథకం అంటూ ఎవరూ దానికి పేరు పెట్టలేదు.

పిల్లల సంరక్షణ కేంద్రాలు పెడితే సమస్య తీరుతుందా?

కొంత. తెరిచి ఉండే వేళలు తల్లి షిఫ్టుకు సరిపోతేనే. మధ్యాహ్నం ఒంటిగంటకు మూసే కేంద్రం సాయంత్రం ఆరింటిదాకా పనిచేసే తల్లికి ఎందుకూ కొరగాదు. మెక్సికో 2007లో తక్కువ ఆదాయపు తల్లుల కోసం రాయితీతో శిశు సంరక్షణ కేంద్రాల పథకం పెట్టింది, ప్రభుత్వం మారాక 2019లో అది ఆగిపోయింది. ఉరుగ్వే 2015లో సంరక్షణను ఒక హక్కుగా చట్టంలోకి తెచ్చింది. కొలంబియా రాజధాని బొగోటాలో 2020 నుంచి పెడుతున్న సంరక్షణ సముదాయాల ఏర్పాటు నాకు బాగా నచ్చింది: తల్లి వచ్చి బట్టలు లాండ్రీలో వేస్తుంది, పిల్లల్నో ముసలివాళ్లనో అక్కడి సిబ్బందికి అప్పగిస్తుంది, పక్క గదిలో ఆగిపోయిన చదువు పూర్తి చేసుకుంటుంది.

ప్రయాణం సంగతేమిటి?

పది కిలోమీటర్ల దూరంలోని ఉద్యోగం మగవాడికి పది కిలోమీటర్ల దూరం. ఆడమనిషికి దానికి తోడు చీకట్లో బస్టాపు, రద్దీ, ఎవరి చేయి ఎక్కడ తగులుతుందో అన్న జాగ్రత్త. లాహోర్‌లో ఆఫీసుకు స్త్రీలకు మాత్రమే అయిన వాహనం ఇస్తామన్న ఉద్యోగ ప్రకటనలకు స్త్రీల దరఖాస్తులు బాగా పెరిగాయి. ఢిల్లీలో విద్యార్థినులు దారి భద్రంగా ఉంటుందని మంచి కాలేజీని వదులుకుని కాస్త తక్కువ స్థాయి దానిలో చేరుతున్నట్టు మరో పరిశోధన చూపింది. ఆ తేడా ఉద్యోగంలో, జీతంలో జీవితాంతం వెంటాడుతుంది.

బట్టల ఫ్యాక్టరీలు ఆడవాళ్లకు మేలు చేశాయా, కీడు చేశాయా?

రెండూ. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచేవాళ్లను నమ్మొద్దు.

బంగ్లాదేశ్‌లో 1970ల చివర మొదలైన ఈ పరిశ్రమలో ఇప్పుడు దాదాపు 40 లక్షల మంది ఉన్నారు, సగానికి పైగా స్త్రీలు. ఇల్లు దాటని తరం కూతుళ్లు గుంపులు గుంపులుగా పొద్దున్నే రోడ్డు మీద నడిచి ఫ్యాక్టరీకి వెళ్లడం ఆ దేశం అంతకుముందు చూడలేదు. ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న ఊళ్లలో అమ్మాయిల పెళ్లి, తొలి కాన్పు ఆలస్యమయ్యాయి, బడిలో ఉన్న ఏళ్లు పెరిగాయి. ఆర్డరు చీటీ చదవగలిగితే, లెక్క కట్టగలిగితే ఎక్కువ జీతం వస్తుందని తల్లిదండ్రులు గ్రహించడం ఇందుకు ఒక కారణం.

ఇక లోపల. లైన్ పైన బోర్డు మీద గంటకు ఎన్ని పీసులో రాసి ఉంటుంది. కాలరు కుట్టే మనిషి లేచి బాత్రూముకు వెళ్తే ఆమె ముందు బట్టలు కుప్పపడతాయి, తర్వాతి మనిషి చేతులు ఖాళీ, సూపర్‌వైజరు గొంతు పైకి లేస్తుంది. దాంతో నీళ్లు తాగడం తగ్గిస్తారు, ఆనక మూత్రంలో మంట, జ్వరం. టార్గెట్ అందకపోతే ఓవర్‌టైమ్, ఆ ఓవర్‌టైమ్ లెక్క కొన్నిచోట్ల పుస్తకంలో ఒకటి, చేతికి వచ్చేది ఒకటి. కుట్టేవాళ్లు ఆడవాళ్లు, పైన నిలబడి అరిచేవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. 2013 ఏప్రిల్ 24న బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని పంపేసింది, కుట్టుపని వాళ్లను మాత్రం మర్నాడు పొద్దున లోపలికి రమ్మన్నారు. ఆ తర్వాతే అంతర్జాతీయ బ్రాండ్లు చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. కనీస వేతనం 2023లో నెలకు 12,500 టాకాలకు చేరింది, అదీ వీధుల్లో పోరాటాల తర్వాత, కొందరు కార్మికుల ప్రాణాలు పోయాక.

ఇథియోపియాలో ఇంకో సంగతి బయటపడింది. ఫ్యాక్టరీ ఉద్యోగాలకు దరఖాస్తు చేసినవాళ్లలో, వీళ్లలో ఎక్కువమంది యువతులే, లాటరీ వేసి కొందరికి ఉద్యోగమిచ్చారు. మూడో వంతు మొదటి నెలలోనే మానేశారు, ఏడాది తిరిగేసరికి అత్యధికులు వెళ్లిపోయారు. జీతం బయటి చిల్లర పనుల కంటే మెరుగేమీ కాదు, ఆరోగ్యం పాడైంది. ఫ్యాక్టరీ అంటేనే మెరుగైన ఉద్యోగం అని ముందే తీర్మానించుకోకూడదు.

స్త్రీలకు రాత్రి షిఫ్టు నిషేధించడం వాళ్ల రక్షణకే కదా?

ఉద్దేశం అదే. 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం, అదే ఏడాది వచ్చిన భారత ఫ్యాక్టరీల చట్టం రెండూ ఆ దారిలోనే నడిచాయి. ఫలితం ఏమిటంటే రాత్రి భత్యం వచ్చే షిఫ్టు, దాంతోపాటు ప్రమోషన్ మగవాళ్లకు పోయాయి. ఆస్పత్రుల్లో నర్సులు రాత్రంతా పనిచేస్తూనే ఉన్నారు, వాళ్ల భద్రత ఎవరికీ గుర్తు రాలేదు. 1990లో అంతర్జాతీయ కార్మిక సంస్థ రాత్రి పని అందరికీ హానికరమే అన్న కోణం నుంచి ఆడామగా తేడా లేని కొత్త ఒప్పందం తెచ్చింది. రవాణా, వైద్య పరీక్షలు, వేరే షిఫ్టుకు మారే హక్కు కల్పించడం నిషేధం కంటే ఖర్చుతో కూడిన పని. నిషేధానికి యజమాని పైసా పెట్టనక్కర్లేదు.

ప్రసూతి సెలవు పెంచితే స్త్రీలను ఉద్యోగంలోకి తీసుకోవడమే మానేయరా?

ఖర్చంతా యజమాని నెత్తిన పెడితే ఆ ప్రమాదం ఉంది. భారతదేశం 2017లో జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచి, ఆ జీతం యజమానే ఇవ్వాలంది, ఈఎస్‌ఐ పరిధిలోకి వచ్చేవాళ్లకు మాత్రం బీమా చెల్లిస్తుంది. వియత్నాం ఆరు నెలల సెలవిస్తుంది, జీతం సామాజిక బీమా నిధి నుంచి వస్తుంది. 2000 నాటి అంతర్జాతీయ ప్రసూతి రక్షణ ఒప్పందం కూడా కనీసం 14 వారాలు ఇవ్వాలనీ, ఆ ఖర్చు ఏ ఒక్క యజమాని మీదా నేరుగా పడకూడదనీ చెబుతోంది. ఈ రెండో మాటను ప్రభుత్వాలు సౌకర్యంగా దాటేస్తుంటాయి. ఇదంతా జీతపు పుస్తకంలో పేరున్నవాళ్ల గొడవ. తక్కువ ఆదాయ దేశాల్లో పనిచేసే స్త్రీలలో 100కు 90 మందికి పైగా అసంఘటిత రంగంలోనే ఉన్నారు, వాళ్లకు 12 వారాలైనా 26 వారాలైనా ఒకటే.

చిన్న రుణాలిచ్చి సొంత వ్యాపారం పెట్టిస్తే?

శ్రీలంకలో చిన్న వ్యాపారులకు ఉచితంగా పెట్టుబడి డబ్బిచ్చి చూస్తే మగవాళ్ల లాభాలు పెరిగాయి, ఆడవాళ్లవి పెరగలేదు. "వాళ్లకు వ్యాపారం చేతకాదు" అన్నవాళ్లున్నారు. శ్రీలంక, ఘనా, భారత్‌ల సమాచారాన్ని మళ్లీ తవ్వితే అసలు సంగతి బయటపడింది: ఇంట్లో మగవాడికీ వ్యాపారం ఉంటే ఆమె పేరున వచ్చిన డబ్బు అటు పోయింది. ఇంట్లో ఆమెది ఒక్కటే వ్యాపారమైతే ఆమె లాభాలు మగవాళ్లకు సమానంగానే ఉన్నాయి.

భారత్‌లో స్త్రీల రేటు ఈమధ్య బాగా పెరిగిందట. మంచి వార్తేనా?

అధికారిక సర్వే ప్రకారం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఇంత వేగంగా పెరగడం అరుదు. అయితే అదే సర్వేలో పక్క పట్టిక తిప్పి చూడండి. పనిచేసే స్త్రీలలో స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4 శాతానికి పెరిగింది, నెలజీతం వచ్చే ఉద్యోగాల వాటా 21 నుంచి 15.9 శాతానికి తగ్గింది. స్వయం ఉపాధిలో పెద్ద భాగం కుటుంబ పొలంలోనో దుకాణంలోనో జీతం లేకుండా చేసే సాయమే. కొంత భాగం లెక్కింపు మెరుగుపడటం వల్ల కావచ్చు, కొంత కోవిడ్ తర్వాత ఇల్లు గడవక వచ్చినవాళ్లది కావచ్చు. రేటు పెరిగిందని పండగ చేసుకునే ముందు ఆ పెరిగినవాళ్లలో ఎంతమంది చేతికి డబ్బు వస్తోందో అడగాలి.

జీతం తెచ్చే ఆడమనిషికి ఇంట్లో మాట చెల్లుతుందా?

డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్న దాన్ని బట్టి. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీని ఇంటి మగవాడి ఖాతాలో కాకుండా స్త్రీల సొంత ఖాతాల్లో వేసి, ఖాతా వాడకం మీద చిన్న శిక్షణ ఇచ్చారు. తర్వాతి ఏళ్లలో ఆ స్త్రీలు ఆ పథకంలోనే కాక బయటి పనులకు కూడా ఎక్కువగా వెళ్లారు. అంతకుముందు ఇంట్లో ఎక్కువ ఆంక్షలున్నవాళ్లలోనే ఈ మార్పు బాగా కనిపించింది. జీతం రావడంతో హింస తగ్గిన ఇళ్లున్నాయి, "నా మీదే పెత్తనమా" అని పెరిగిన ఇళ్లూ ఉన్నాయి. రెండింటికీ ఆధారాలున్నాయి.

ఆడవాళ్లు పనుల్లోకి వస్తే మగవాళ్ల ఉద్యోగాలు పోవా?

ఉద్యోగాల సంఖ్య ముందే కొలిచి పెట్టినది కాదు. జీతం వచ్చే మనిషి ఖర్చు పెడుతుంది, ఆ ఖర్చు ఇంకొకరి జీతం. కరువు రోజుల్లో పదిమందికి ఒకే ఖాళీ ఉన్నచోట పోటీ మాత్రం నిజమే.

ఇళ్ల నుంచే పనిచేసేవాళ్లు, వీధుల్లో అమ్ముకునేవాళ్లు సంఘం పెట్టుకోగలరా?

పెట్టుకున్నారు. కార్మిక నాయకురాలు ఇలా భట్ 1972లో అహ్మదాబాద్‌లో "సేవా" అనే స్వయం ఉపాధి స్త్రీల సంఘాన్ని మొదలుపెట్టినప్పుడు కార్మిక శాఖ నమోదుకు ఒప్పుకోలేదు. ఎదుట యజమాని లేనప్పుడు ఎవరి మీద పోరాడతారు, ఇదేం యూనియన్ అన్నది అభ్యంతరం. కార్మికులు ఒక్కటి కావడానికి యజమాని ఉండి తీరాలని లేదన్నది వాళ్ల జవాబు. ఆ వాదనే నెగ్గింది. ఇంటి నుంచి పీసురేటుకు చేసేవాళ్ల కోసం 1996లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది కానీ దాన్ని ఆమోదించిన దేశాలు చాలా కొద్ది.

ఒక స్త్రీ ఉద్యోగానికి వెళ్తే ఆమె ఇంటి పని ఎవరు చేస్తారు?

చాలావరకు మరో స్త్రీ. అత్తగారు, బడి మానేసిన పెద్ద కూతురు, లేదంటే జీతానికి పెట్టుకున్న పనిమనిషి. ప్రపంచంలో ఇంటి పనివాళ్లు 7 కోట్ల 56 లక్షల మంది ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పింది. వాళ్లలో నాలుగింట మూడు వంతులు స్త్రీలు, ఐదుగురిలో నలుగురికి ఏ ఒప్పందమూ, ఏ రక్షణా లేదు. సర్వేలో ఈమె, ఈమెను పెట్టుకున్న ఉద్యోగిని ఇద్దరూ "ఉపాధి ఉన్నవాళ్లే", చెరొకటి. వారానికో సెలవు, పని గంటలకు హద్దు, కనీస వేతనం వాళ్లకూ వర్తించాలనే 189వ ఒప్పందం 2011లో వచ్చింది. లక్షలాది స్త్రీలను ఇంటి పనులకు విదేశాలకు పంపే ఫిలిప్పీన్స్ మరుసటి ఏడాదే దాన్ని ఆమోదించింది. వాళ్లు వెళ్లి పనిచేసే గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ ఇంతవరకు ఆమోదించలేదు.